అక్క పేరు మీద నెలనెలా కోత

మదనపల్లె టమాటా మార్కెట్లో కోత బాహాటంగా జరుగుతుంది. మండీ ఆసామి రైతు ఎదురుగానే కమీషన్ పట్టుకుంటాడు, రైతు వాడి ఎదురుగానే తిడతాడు, ఆ తరువాత ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. నా జేబులో చెయ్యి పెట్టేవాళ్లది ఆ తీరు కాదు. వాళ్లు నన్ను ‘విలువైన కస్టమర్’ అంటారు, పండగకు శుభాకాంక్షలు పంపిస్తారు, ఆ రోజే కోసుకుంటారు.

నేను అంగళ్ల దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఎలాగూ చివర్లో మా అక్క చెప్తుంది. ఒక క్రికెట్ మ్యాచ్ కోసం ‘మొదటి నెల ఉచితం’ అన్న యాప్‌ను ఫోన్లో పెట్టుకుని, ఏడాది పొడుగునా దానికి డబ్బు కట్టినవాణ్ణి నేను. నా ఫోనుకు నేనడగని కాలర్ ట్యూన్ ఒకటి తగులుకుంది. దానికీ నెలనెలా పోయేది. మా ప్రిన్సిపాల్ ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకు ఒక విరహ గీతం వినిపించేదని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా ఆయన నన్ను ఎందుకు అదోలా చూసేవాడో అర్థమయ్యేది కాదు.

మా అక్కది గుడుపల్లె పక్కన చిన్న పల్లె. బావ పోయాక ఒక్కతే పట్టుపురుగులు మేపుకుంటూ బతుకుతోంది. నేను చదువుకున్నదంతా ఆమె అమ్మిన పట్టుగూళ్ల మీదే. మల్బరీ ఆకు మోసుకోవడానికి ఆమెకొక మోపెడ్ కొనివ్వాలనుకున్నాను. కుప్పంలో షోరూంకు వెళ్లాం. బండి అక్క పేరు మీద, లోను నా ఖాతా మీద. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. వాళ్లు బండికి కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, మా చేతుల్లో చెరో లడ్డూ పెట్టి సాగనంపారు. ఆ లడ్డూ ఒక్కటే ఉచితమని తరువాత తెలిసింది.

కొన్ని నెలల తరువాత అక్క దగ్గరికి బయలుదేరి, పుంగనూరు బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాను. ఏమీ తోచక ఫోన్లో బ్యాంకు మెసేజులు చదివాను. బండి కంతు నాకు చెప్పినదానికన్నా ఎక్కువ పోతోంది. వెనక్కి జరుపుతూ పోయాను. మొదటి నెల నుంచీ అంతే. నాకు ఒళ్లు మండింది. కుప్పంలో దిగి నేరుగా షోరూంకే పోయాను.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, “అవి అదనపు రక్షణలు సార్” అంది. “బండి నడిదోవలో ఆగిపోతే మనిషొస్తాడు. తాళం పోతే కొత్త తాళం ఇస్తారు. ఇంకా ఆరోగ్య రక్ష సార్. సంవత్సరానికొకసారి మేడమ్‌కు ఒళ్లంతా పరీక్షలు ఫ్రీ.”

మా అక్క తాళాన్ని కొంగుకు ముడేసుకుని తిరుగుతుంది. ఆ తాళం పోవాలంటే అక్క కూడా పోవాలి.

“ఇవన్నీ నేనడగలేదు కదమ్మా” అన్నాను.

“ఎవురూ అడగరు సార్. సిస్టంలోనే టిక్కు పెట్టుంటాది. వద్దనుకునేవాళ్లు తీసేయమని చెప్పల్ల.”

“ఉందని తెలిస్తే కదా తీసేయమని చెప్పేది?”

“అదే కదా సార్” అంది ఆ అమ్మాయి, నా మీద నిజంగానే జాలిపడుతూ. అంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషితో ఏమని పోట్లాడాలి? ఈ ఏడాది డబ్బు వెనక్కి రాదని, రద్దు కావాలంటే కంపెనీకి రాసుకోమని చెప్పి, తాగడానికి చల్లటి నీళ్లిచ్చింది.

అక్క ఇంటికి పోయి అంతా చెప్పాను. కంపెనీని తిడుతుందనుకుంటే నన్ను తిట్టింది. తిట్టడం అయ్యాక, “దుడ్లు ఎనక్కిస్తారా?” అని అడిగింది.

“ఈ ఏడాదివి ఇవ్వరంటక్కా.”

“అట్లయితే ఆ పరీక్షలేవో చేపిచ్చుకుందాం పద. వాళ్లకు ఊరికే ఇడిసిపెట్టేది యాల?”

నేను నోరు వెళ్లబెట్టాను. అంతకు నెల ముందు తోటలో మల్బరీ మోడు గుచ్చుకుని ఆమె కుడికాలి మడమకు పుండయింది. అది మానడం లేదు. పసుపు అద్దుకుని, పాతచీర పేలిక చుట్టుకుని తిరుగుతోంది. ఆసుపత్రికి రమ్మని బతిమాలాను, కోప్పడ్డాను, ఒకసారి కారు మాట్లాడుకుని మరీ వచ్చాను. “పురుగులు జ్వరానికి కూసున్నాయిరా, నేను యాడికొచ్చేది” అని ఆ కారును అట్లాగే తిప్పి పంపింది. పట్టుపురుగు పొర వదిలే ముందు మేత మానేసి కదలకుండా ఉంటుంది. దాన్నే మావైపు జ్వరం అంటారు. అన్ని పురుగుల జ్వరాలూ కనిపెట్టుకుని కూర్చునే మనిషికి తన కాలి సంగతి మాత్రం పట్టలేదు. తమ్ముడి ప్రేమ గడప దాటించలేని ఆ మనిషిని, ఎవడో టిక్కు పెట్టి కొట్టేసిన డబ్బు మరునాడు పొద్దున్నే పరగడుపున ల్యాబులో కూర్చోబెట్టింది.

ల్యాబు అతను మా అక్క రక్తంలో చక్కెర చూసి, మిషన్ తప్పు చెప్తోందేమోనని రెండోసారి చేశాడు. మిషన్ సరిగ్గానే ఉంది. అక్కడి నుంచి డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన మడమకున్న పేలిక విప్పి, పుండు చుట్టూ నొక్కి చూశాడు. తరువాత నెమ్మదిగా, “అమ్మా, ఇంకొన్నాళ్లు ఇట్లే పసుపు పెట్టుకుంటా ఉంటే కాలే తీసేయాల్సి వచ్చేది” అన్నాడు.

నాకు చాలా భయమేసింది. అక్క లేకుండా నేను లేను, కాలు లేకుండా అక్క లేదు. ఆమె మాత్రం బయటికొచ్చాక, “సూసినావా, రాకపోయుంటే దుడ్లు దండగయ్యేవి” అంది.

మందులు, కట్లు, తిండి కట్టుబాట్లు మొదలయ్యాయి. వానలు ముగిసేసరికి పుండు మానింది. మూడు నెలలకొకసారి రక్తం చూపించుకోవాలని, పాదాలకు స్పర్శ పోయింది కాబట్టి అవి కూడా చూపించుకోవాలని, అది మాత్రం మానొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

ఈలోగా నేను కంపెనీ మీద యుద్ధం చేస్తూనే ఉన్నాను. రాసిన ఉత్తరానికి జవాబు లేదు, ఫోన్ చేస్తే పాటలు. పట్టు వదల్లేదు. ఒకరోజు మెసేజ్ వచ్చింది. ‘మీ కోరిక మేరకు అదనపు సేవలన్నీ రద్దు చేయబడినవి’. జీవితంలో మొదటిసారి ఒక కంపెనీ మీద గెలిచాను. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. అక్కకు ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

తరువాతి వారమే పరీక్షకు తీసుకుపోవాల్సిన రోజు వచ్చింది.

“పుండు మానిపాయ గదరా” అంది అక్క ఫోన్లో. “బాగుండే మనిషి దుడ్లు పోసి రక్తం తీపిచ్చుకునేది యాల? ఆరోగ్య రక్షలో ఉంటే సెప్పు, వస్తా. అది నువ్వే తీసేపిచ్చినావు గదా.”

నా గెలుపు పోయి పోయి అక్క కాలి మీదికొచ్చింది. ఎన్ని చెప్పినా కదల్లేదు. నేను డబ్బు కడతానంటే ఇంకా మొండికేసింది. ఆమె దగ్గరికి బయలుదేరినవాణ్ణి పుంగనూరు బస్టాండులో దిగి చాలాసేపు ఆలోచించాను. చివరికి ఫోన్ తీశాను.

“అక్కా, మోసం జరిగిపోయింది. మల్లా దుడ్లు పట్టుకున్నారు.”

“ఆపించినానంటివే?”

“ఇంకో పేరుతో పెట్టినారు. ఈసారి పరీక్షలు మూడు నెలలకొకసారంట.”

అక్క మళ్లీ నన్నే తిట్టింది. తరువాత, “ల్యాబు ఎన్నింటికి తెరుస్తారు?” అంది.

అప్పటి నుంచి ఇదే మా పద్ధతి. నేను ముందుగా కుప్పం చేరి ల్యాబులో డబ్బు కడతాను. అక్క అడిగితే అంతా ప్యాకేజీలోదే అని చెప్పమంటాను. మొదటిసారి ల్యాబు అతను పడీపడీ నవ్వాడు. “ఎక్కువ పట్టుకున్నారని అందరూ మా మీదికి కొట్లాటకొస్తారు సార్. మీరేంది, ఉల్టా వస్తాండారు?” అన్నాడు. నిజమే. ఇప్పుడు నేనే షోరూం. అడక్కుండా టిక్కు పెడతాను, ముందు చెప్పను, రద్దు చేసుకునే దారి ఎక్కడుందో చూపించను. నా విలువైన కస్టమర్ ఒక్కతే.

మొన్న పోయినసారి ల్యాబు బెంచీ మీద పక్కన కూర్చున్న ఆవిడతో అక్క నా గురించి చెప్తోంది.

“మా తమ్ముడమ్మా. కాలేజీలో లెక్కలు చెప్తాడు. అయినా మూడు నెలలకొకసారి ఎవుడో ఒకడు వాని జేబులో సెయ్యి పెడతానే ఉంటాడు. మెతకోడు పాపం. నేను వచ్చి ఈ రక్తం ఇయ్యకపోతే ఆ దుడ్లు పోయినట్టే.”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. తల వంచుకున్నాను. వంచుకుంటే అక్క పాదాలు కనిపించాయి. రెండూ. అక్కడే చూస్తూ కూర్చున్నాను.

రక్తం ఇచ్చి వచ్చాక, చేతికి దూది అదుముకుంటూ అక్క నా పక్కకు జరిగింది. గొంతు తగ్గించింది.

“ఈ మధ్య ఆకు మీద పురుగు మసగ్గా కనపడతాండాదిరా. కండ్లకేమన్నా పట్టుకున్నారా వాళ్లు?”

ఫోన్ జేబులోంచి తీసే పని కూడా పెట్టుకోలేదు.

“పట్టుకున్నారక్కా. నిన్ననే.”

“దొంగ నాబట్టలు” అంది అక్క, రెండు కాళ్లూ చెప్పుల్లో పెడుతూ. “పద, యాడుందో ఆ కండ్లాసుపత్రి.”