ఉద్ధరిణెడు నీళ్ళు

లీటరు సీసాలో నీళ్ళు ఎంత బరువుంటాయి? చిన్నపిల్ల కూడా మోసేస్తుంది. నేను మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను, దించే చోటు దొరక్క. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఎప్పుడో చెప్పేసి ఉండేవాణ్ణి.

తొంభైల చివర రాజమండ్రిలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాణ్ణి. మూఢం వచ్చిందంటే మాకు పని ఉండదు. అలాంటి ఒక మూఢంలో, కాలేజీలో బోటనీ చెప్పే మాస్టారు మా షాపుకొచ్చారు. ఏజెన్సీ కొండల్లో ఒక వాగు మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయాలన్నారు. ఆ కొండమీద ఒకప్పుడు నల్లసీసం గని ఉండేదట, పెన్సిళ్ళలో వేసే సీసం. తవ్వినన్నాళ్ళు తవ్వి, గోతుల్నీ మట్టిగుట్టల్నీ అలాగే వదిలేసి పోయారు. వానొస్తే ఆ గుట్టలు కడిగిన నీళ్ళన్నీ వాగులోకే. కింద ఒక చిన్న ఊరు. మాస్టారి మాట మీద ఊళ్ళోవాళ్ళు వాగు నీళ్ళు తాగడం మానేసి, అవతలి కొండ ఊటకి నడుస్తున్నారు. రెండు బిందెలు తేవడానికి ఒక పూట పట్టేది. నీళ్ళు పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని సినిమా చివర చూపిస్తే గుట్టలు తీయిస్తారని, ఊరికి బోరు వేయిస్తారని ఆయన ఆశ.

నిజం చెప్పొద్దూ, వాగుని చూసి నేను మైమరచిపోయాను. చెయ్యి ముంచి తీస్తే వేళ్ళకి వెండిపూత పూసినట్టుండేది. ఎండ పడితే వాగంతా ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా మెరుస్తూ కదిలేది. చేపల్లేవు. కప్పల అరుపుల్లేవు. ఆ నిశ్శబ్దం కూడా నాకు అందంగానే తోచింది. పెళ్ళికూతుర్ని తీసినట్టు తీశాను దాన్ని, ఏ వైపు నుంచి తీస్తే ముఖం కళగా ఉంటుందా అని వెతుక్కుంటూ. మాస్టారు విసుక్కుంటూనే ఉన్నారు, అందం కాదండీ జబ్బు తీయండి అని.

సీసా నింపింది నేను కాదు. ఒడ్డున బూడిదరంగు బురద. పట్నపు చెప్పులతో జారిపడతానని, కన్నమ్మ అనే పెద్దావిడ నా చేతిలోంచి సీసా లాక్కుని తనే ముంచింది. మూత బిగించి, చెంగుతో తుడిచి నాకిచ్చింది. మర్నాడు దాన్ని కాకినాడ తీసుకెళ్ళి పరీక్షకివ్వడం నా పని.

తెల్లారి మా ఇంట్లో నేను స్నానం చేసి వచ్చేసరికి సీసా ఖాళీగా ఉంది.

మా అమ్మకి, ఎవరు ఎక్కణ్ణుంచి సీసాలో నీళ్ళు తెచ్చినా తీర్థమే. కొండమీంచి తెస్తే ఇక అడగాలా? రాత్రంతా కదలకుండా ఉండి పైనీళ్ళు తేటపడ్డాయి. దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుని, ఉద్ధరిణెడు తను పుచ్చుకుని, ఇల్లంతా చల్లి, మిగిలినవి తులసికోటలో పోసింది. నా వంతుగా పంచపాత్రలో కాసిని ఉంచింది కూడా. ఆ కాసిని నేను పుచ్చుకోలేదు. ఆవిడ చూడకుండా తూములో పారబోశాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేనూ మర్చిపోలేదు.

మళ్ళీ కొండెక్కి సీసా నింపుకు రావచ్చు. ఒక్క రోజు పని. ఎందుకు వెళ్ళలేదు? మాస్టారికేం చెప్పాలి? మా అమ్మ మీ కలుషిత జలాన్ని తీర్థం పుచ్చుకుందండీ అంటే ఆయన నవ్వుతారు, ఆయన స్నేహితులకి చెప్పి నవ్విస్తారు. అందుకే వెళ్ళలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఏళ్ళ తరబడి లోపల వెతుక్కున్నాను గానీ దొరకలేదు.

రేవుకెళ్ళి గోదావరి నీళ్ళు పట్టాను. రంగు కుదరలేదు. రంగు కుదర్చడం నా వృత్తి కదా! పెన్సిలు ములుకుని బ్లేడుతో గీకి, పొడి కలిపి ఊపాను. అచ్చం ఆ వాగే. నా పనితనానికి ఒక్క క్షణం మురిసిపోయాను కూడా. ఆ సీసానే కాకినాడ తీసుకెళ్ళి పరీక్షకిచ్చాను.

ఆ మర్నాడు అమ్మకి కడుపులో తిప్పింది. రిక్షా పిలిచి డాక్టరు దగ్గరికి పరుగెత్తించాను. ఏమీ లేదు, అరక్క అన్నాడాయన. అయినా మూడు రోజులు ఆవిడ మంచం పక్కనుంచి కదల్లేదు.

రిపోర్టు వచ్చింది. నలుపు నల్లసీసం పొడి వల్లేనని, వేరే దోషమేమీ కనబడలేదని, వడగట్టుకుంటే తాగొచ్చని. మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. నిజాయితీపరుడు. తన మాటకి ఎదురుగా ఉన్న ఆ కాగితాన్నే సినిమా చివర పెట్టించారు. మాస్టారు కొండని తవ్వి ఎలుకని పట్టారని టౌన్లో అందరూ నవ్వారు. గుట్టలు తీయించమని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆయన పోయేదాకా పండక్కీ పబ్బానికీ వాళ్ళింటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చాను. చివరిదాకా పొరపాటు తనదే అనుకున్నారాయన.

సినిమాని ఆ ఊరి బళ్ళో కూడా వేశాం, పట్టపగలే, కిటికీలకి దుప్పట్లు కట్టి. తను సీసా ముంచుతున్న బొమ్మ చూసి కన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిపోయాక మాస్టారి దగ్గరికి కాదు, నా దగ్గరికొచ్చింది. సీసా మోసుకెళ్ళినవాణ్ణి నేనే కదా.

“బాబూ, నీ సీసా ఏం చెప్పింది?”

“నీళ్ళు మంచివేనట అమ్మా. గుడ్డతో వడగట్టుకోండి.”

“నిజమేనా? మా కోడలు ఒట్టి మనిషి కాదు. దాన్ని ఆ ఊట దాకా నడిపించలేక అడుగుతున్నా.”

“నిజమే,” అన్నాను.

ఏడెనిమిదేళ్ళ తర్వాత గోకవరంలో ఒక పెళ్ళి తీస్తున్నాను. అడ్డాకుల విస్తళ్ళ కట్టలు దించుతున్న మనిషి నన్ను గుర్తుపట్టాడు. కన్నమ్మ కొడుకు. మీరు చెప్పినట్టు వడగట్టుకునే తాగామండీ అన్నాడు. ఈమధ్యే బోరు పడిందట. కన్నమ్మ పోయిందట. పిల్లలెంతమంది అనడిగాను. ఇద్దరు కడుపులోనే పోయారండీ, తర్వాత కలగలేదు అన్నాడు. నా మీద ఏ కోపమూ లేదు అతనికి. భోంచేశారా అని కూడా అడిగాడు.

ఆ నీళ్ళ వల్లేనని ఎవరనగలరు? కాదని మాత్రం ఎవరనగలరు? చెప్పగలిగేది ఆ సీసా ఒక్కటే. దాని నోరు నేను నొక్కేశాను.

ఇప్పటికీ ఆ వాగు కలలో వస్తుంది. నేను తీసిన పెళ్ళిపందిళ్ళన్నిటి కిందనుంచీ వెండిరంగులో, చప్పుడు లేకుండా పారుతూ ఉంటుంది. పెళ్ళికూతుళ్ళ పారాణి పాదాలు అందులో మునిగి బూడిదరంగుకి తిరుగుతుంటాయి. కెమెరా ఆపాలని తెలుసు. కానీ అంత అందంగా ఉంటే ఎలా ఆపడం? తీస్తూనే ఉంటాను.

అమ్మకి ఎనభై దాటాయి, గుండ్రాయిలా ఉంది. ఆ కొండ తీర్థం మళ్ళీ తేలేదేంరా అంటుంది అప్పుడప్పుడు. ఉద్ధరిణెడు తాగినందుకు ఆవిడకి రిక్షా పిలిచాను. బిందెలకి బిందెలు తాగబోయే ఇంటికి నిజమే అన్నాను. మంచివో కావో తెలియక అన్న మాట కాదది. తెలియదని తెలిసే అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు బళ్ళో కన్నమ్మ ఎదుట, తర్వాత గోకవరంలో ఆవిడ కొడుకు ఎదుట అనాల్సిన మాటని ఇక్కడ, మొహం కనబడని చోట అంటున్నాను. అయినా కాస్త ఊపిరాడుతోంది, ఆడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. ఆ సీసాలోవి మీ వాగు నీళ్ళు కావు కన్నమ్మా.