కుట్టుమిషను ఆగిన చోట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రబాబ్ ముందు రచ్చే గెలిచింది. అరబ్బీలో ఆమె రాసిన మూడు నవలలు బేరూత్‌లో అచ్చయ్యాయి. కైరోలో వాటిని మెచ్చుకున్నారు, బాగ్దాదులో వాటి మీద పోట్లాడుకున్నారు. ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరం కానింగ్ వేల్‌లోని ఆమె ఇంట్లో మాత్రం వాటిని చదవగల మనిషి ఇంకొకరు లేరు. భర్త పోయాడు. ఉన్న ఒక్క కూతురు దీమాకు అరబ్బీ అక్షరాలు రావు.

ఎలా వస్తాయి? శనివారం అరబ్బీ బడి మాన్పించి నెట్‌బాల్ ఆటకు పంపింది రబాబే. పిల్ల ఇక్కడి పిల్లల్లో కలవాలనుకుంది. కలిసింది, శుభ్రంగా కలిసింది. అమ్మ అరబ్బీలో అన్నానికి పిలిస్తే ఇంగ్లీషులో వస్తున్నానంటుంది. ఈ బాధ మన తెలుగిళ్ళకు కొత్తేం కాదు. వృద్ధాశ్రమం వంటింట్లో రబాబ్‌తో పాటు పనిచేసే బాపట్ల సువర్ణకుమారి ఇంట్లోనూ ఇదే తంతు.

రబాబ్ తండ్రి యాసీన్ ఇరాక్‌లోని బస్రాలో దర్జీ. చిన్నప్పుడు ఆమె బడి నుంచి వచ్చి, దుకాణంలో కూర్చుని, తను రాసింది పైకి చదివేది. ఆయన మిషను తొక్కుతూ వినేవాడు. మిషను ఆగిందంటే ఆ పేజీ బాగున్నట్టు. ఆగకపోతే చింపెయ్యాల్సిందే. అంతకు మించి ఆ నోట పొగడ్త రాలేదు. ఆడపిల్లకు ఈ రాతలేమిటని పెదనాన్నలు మీదికొస్తే, మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, "మీ చొక్కాలు ఇంకెక్కడైనా కుట్టించుకోండి" అన్నాడు. వాళ్ళు నిజంగానే ఇంకెక్కడో కుట్టించుకున్నారు, చచ్చేదాకా.

నాలుగో నవల ఆ తండ్రి మీదే. ఏళ్ళ తరబడి రాసింది. రాసినన్నాళ్ళూ ఆయన గురించి కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు. నోటితో చెప్పేస్తే కథ చప్పబడిపోతుందని ఆమె పట్టింపు. రాసేవాళ్ళకే వచ్చే జబ్బు ఇది. దీమా గోడ మీది ఫోటో చూసి తాత ఎలాంటివాడని అడిగినప్పుడల్లా "పుస్తకంలో చదువుదువుగాని" అనేది. అందుకే ఈ నవల ఇంగ్లీషులో రావాలి. పేరు కోసం కాదు, దీమా కోసం.

మెల్‌బోర్న్ ప్రచురణకర్త స్టీవ్ మంచివాడే. అదే వచ్చిన చిక్కు. అరబ్బీ తెలిసినవాళ్ళ చేత కథంతా ఇంగ్లీషులో చెప్పించుకుని కంటతడి పెట్టానన్నాడు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. "తండ్రి పాత్ర ఒక్కటే నమ్మబుద్ధి కావడం లేదు. అక్కడ అలాంటి తండ్రులుంటారా అని మా పాఠకులు అడుగుతారు. కాస్త కరుకుగా మార్చండి. పిల్ల రాసిన కాగితాలు ఆయన తగలబెడతాడు, ఆ పిల్ల పారిపోయి వస్తుంది." పైగా ఇంకో తెలివి చూపించాడు. పరాయి దేశంలో ఆ పిల్ల అందరితోనూ 'మా నాన్న బంగారం' అని అబద్ధం చెప్పుకుంటూ బతకాలట. అది గుండె పిండేస్తుందట.

రబాబ్ ఫోను పెట్టేసింది. తర్వాత ఎంత తిరిగినా ఇంకో ప్రచురణకర్త దొరకలేదు. ఈలోగా దీమాకు ఎక్కడో దూరాన డార్విన్ నగరం ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైంది. ఏడాది తిరిగేసరికి పిల్ల వెళ్ళిపోతుంది, ఆలోగా పుస్తకం దాని చేతిలో పెట్టాలి. నవల్లో మనిషి నవల్లో మనిషే, నాన్న నాన్నే అని రబాబ్ తనకు తాను సర్దిచెప్పుకుని, స్టీవ్ అడిగినట్టే మార్చి అనువాదానికి ఇచ్చింది. చాలా బాగా మార్చింది కూడా. పాపిష్టి చెయ్యి, దానికి బాగా రాయడం తప్ప ఇంకోటి చేతకాదు.

పుస్తకం వచ్చింది. ఊరి లైబ్రరీలో సభ పెట్టి, ఆ తగలబెట్టే పేజీలు చదివించుకుని అందరూ ఏడ్చారు. సువర్ణకుమారి ఇంగ్లీషు మరిచిపోయి రబాబ్ చేతులు పట్టుకుంది. "అయ్యో తల్లీ, అట్టాంటి నాన్న దగ్గర ఎట్టా పెరిగావే! ఇన్నేళ్ళూ కిచెన్‌లో నవ్వతానే ఉన్నావు గదా, ఒక్కరోజన్నా చెప్పలేదే!" మాటలు అర్థం కాకపోయినా జాలి అర్థమైంది. రబాబ్‌కు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి మాత్రం తను తప్ప ఎవరూ కనిపించలేదు.

దీమా ప్రయాణానికి ముందు పుస్తకం పూర్తిచేసింది. కళ్ళు వాచిపోయి వచ్చి తల్లిని గట్టిగా పట్టుకుంది. "మమ్, ఐయామ్ సో సారీ." ఆ పిల్ల భుజం మీదుగా చూస్తే గోడ బోసిగా ఉంది. ఫోటో తీసి సొరుగులో పెట్టేసిందట. ఆ మనిషి మొహం అమ్మ రోజూ చూడక్కర్లేదట.

"కాదు తల్లీ! మా నాన్న బంగారం. అదంతా నేను కల్పించింది" అంది రబాబ్.

దీమా, రోగుల్ని ఊరడించినట్టు, తల్లి తల నిమిరింది. "ఐ నో, మమ్. బుక్‌లో ఆ అమ్మాయి కూడా అదే చెప్తుంది కదా."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రబాబ్ లోపలికి పరిగెత్తి, అరబ్బీలో తను ముందు రాసిన ప్రతి తెచ్చింది. దీమా సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. రబాబ్ వంటింటి గడపలో నిలబడి, నాన్న మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టిన పేజీ పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంట్లో మాట్లాడుకునే అరబ్బీ వేరు, పుస్తకాల అరబ్బీ వేరు. దీమాకు అందులో అక్కడక్కడ ఒక మాట తెలిసిందేమో.

"సౌండ్స్ బ్యూటిఫుల్, మమ్" అంది, వెనక్కి తిరక్కుండానే.

రబాబ్ కూతురి చేతులనే చూస్తూ పేజీ చివరిదాకా చదివింది. ఆ చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు.