నల్లా వరసలో నా పొత్రం

"అది పోచమ్మ తల్లి. చెయ్యి పెట్టకు."

"అది నా పొత్రం. ఊరికి పోయే దాంక దాంతోనే పప్పు రుబ్బిన."

"రుబ్బితివేమో. అప్పుడు పొత్రం. ఇప్పుడు కాదు."

"ఎప్పటి సంది కాదక్కా?"

"నల్లా మళ్ల వచ్చిన కాడి నుంచి."

ఈ తగాదా మా గల్లీ నల్లా దగ్గర, నాకూ ఎదురింటి బట్టల దుకాణం ఆమెకూ మధ్య జరిగింది. ఆమె నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆ రోజు ఆ పిలుపు నోట్లోంచి రావడం కష్టమైంది. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి విన్నారు. ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు.

అరవైల మొదట్లో మునిసిపాలిటీ వాళ్లు మా గల్లీకి ఒక నల్లా పెట్టారు. అంతకు ముందు నీళ్లకు దూరం బావికి పోయేవాళ్లం. నల్లా పొద్దున కాసేపే వచ్చేది. అందుకని వరస కోసం ముందు రోజు సాయంత్రమే ఆడవాళ్లు బిందెలు పెట్టి పోయేవాళ్లు. నేను పెట్టలేదు. ఇత్తడి బిందె రాత్రంతా వీధిలో ఉంటే సొట్ట పడుతుంది, లేకపోతే మాయమవుతుంది. రాయినైతే ఎవరూ ఎత్తుకుపోరు. సాయంత్రం పని కాగానే రుబ్బురోట్లోంచి పొత్రం తీసి, కడిగి, వరసలో అందరికంటే ముందు నిలబెట్టి వచ్చేదాన్ని. పొద్దున నీళ్లు పట్టుకున్నాక మళ్లీ ఇంటికి తెచ్చి రోట్లో వేసేదాన్ని. మొదట నవ్వారు. తర్వాత వాళ్లూ ఇటుకలు, పాత డబ్బాలు పెట్టారు. వాటినైతే కాలితో పక్కకు నెట్టేవాళ్లు. నా పొత్రం కాలితో కదిలే రకం కాదు.

ఇంతలో చెల్లె పురుటికి ఏటూరునాగారం పోవలసి వచ్చింది. నేను లేనని వరస పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. పొత్రాన్ని నల్లా దగ్గరే ఉంచి, "రోజూ బిందె నింపుకుని రండి. పొత్రం మాత్రం ముట్టొద్దు" అని మా ఇంటాయనకు చెప్పి బస్సెక్కాను. ఆయన ధాన్యం దుకాణంలో గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ముట్టలేదు.

నేను పోయాక నల్లా ఆగిపోయింది. మోటరు కాలిందనీ, బాగు చేస్తున్నామనీ మునిసిపాలిటీ డప్పు మనిషి చాటింపు వేసి పోయాడట. డప్పు అందరికీ వినబడింది, మాట ఎవరూ వినలేదు. డప్పు మోగిందంటే ఇంటి పన్ను సంగతే అనుకుని తలుపులు వేసుకోవడం మా గల్లీ అలవాటు. నేనున్నా వేసుకునేదాన్నే. బావి దాకా నడిచి నడిచి విసిగిన ఎదురింటామె, వరసలో ఒంటరిగా నిలబడ్డ నా పొత్రాన్ని చూసింది. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు నల్లా వచ్చింది. అంతకు ముందు చిటికెన వేలంత ధార, ఇప్పుడు బొటనవేలంత ధార.

నేను తిరిగి వచ్చేసరికి పొత్రం పచ్చగా ఉంది. మెడలో వేపమండలు, చుట్టూ వాడకట్టంతా కొట్టిన కొబ్బరి చిప్పలు. పొత్రం సంగతి తర్వాత, తినకుండా ఎండబెట్టిన ఆ కొబ్బరిని చూస్తే నాకు కడుపు మండింది.

"మీరేం చేస్తున్నరు?" అని ఇంటాయనను అడిగాను.

"నువ్వే ముట్టొద్దంటివి," అన్నారు.

ఎత్తుకు పోవడం నాకు నిమిషం పని. కానీ ఆ తర్వాత గల్లీలో ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా నా పేరే చెబుతారు.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. నల్లా చుట్టూ బురదయి కాలు జారుతోందని వార్డు మెంబరు సిమెంటు గద్దె మంజూరు చేయించాడు. మర్నాడు పొద్దున్నే పని మొదలు కావాలి. గద్దె రావలసిన చోటే పొత్రం నిలబడి ఉంది. చూసిపోదామని వచ్చిన తాపీ మేస్త్రి సాయబు, పసుపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మా దేవుడైతే నేనే బతిమిలాడుకుంట. ఈ అమ్మతోని నాకు జాన్‌పహచాన్ లేదు," అన్నాడు.

మా తగాదా జరుగుతుండగానే మెంబరు వచ్చాడు. "రేపు పొద్దుగాల వరకు జాగ ఖాళీ కాకుంటే సిమెంటు ఎన్క గల్లీకి పోతది. సిమెంటుతోని నల్లా గూడ పోతది. నన్ను అనొద్దు," అన్నాడు. వెనక గల్లీ వాళ్లు అప్పటికే ఇద్దరు ముగ్గురు వచ్చి నల్లాను పెండ్లిచూపుల్లో చూసినట్టు చూసి పోయారు. మళ్లీ ఆ బావి, ఆ నడక తలచుకుంటే నాకు నడుము అప్పుడే నొచ్చింది.

"మోటరు బాగైంది గనుక నీళ్లు వచ్చినయమ్మా. చాటింపు గూడ ఏపిచ్చినం," అని మెంబరు మెల్లగా చెప్పాడు.

"ఇన్ని దినాలు బాగు గాని మోటరు, నేను కాయ కొట్టిన తెల్లారే ఎట్ల బాగైందన్నా?" అంది ఎదురింటామె.

మెంబరుకు ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. మోటరు మాట వదిలేశాడు.

అప్పుడు నాకు తోచింది. "సరే అక్కా, పోచమ్మే. మరి తల్లిని చెప్పుల నడుమ, బురదల నిలబెడుతరా? ఆమెను కనిపెట్టింది నువ్వు. నీ ఇంట్లకే తీస్కపో. రోజు దీపం పెట్టు, ఏటేటా బోనం ఎత్తు, తల్లి ముందర కల్లు సాక పొయ్యి. వాడకట్టంతా వస్తం, భోజనాలు పెట్టు."

"మా ఇంట్లనా? మా అత్తకు కల్లు వాసనే పడది," అంది ఆమె.

"అయితే నీ ఇంట్ల?" అని పక్కామెను అడిగాను. వాళ్లది అద్దె ఇల్లట. ఆ పక్కామెకు చంటిపిల్ల ఉందట. ఇంకొకామె బిందె తీసుకుని, పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది. మేస్త్రి వైపు ఎవరూ చూడకముందే అతను తనకు పని ఉందన్నాడు.

ఎదురింటామె నా వైపు తిరిగింది. "పొత్రం నీదే అంటివి గద చెల్లె. నువ్వే తీస్కపో."

"ఇందాక కాదంటివి."

"ఇంత పంచాయితి ఎందుకు? పొత్రమే అనుకో. గని ఉత్తగ తీస్కపోవద్దు. మర్యాదగ సాగనంపాలె."

మర్యాద ఖర్చు ఎవరిదని అడిగాను. మెంబరు ముందుకు వచ్చి, మునిసిపాలిటీ డప్పు మనిషిని పిలిపిస్తానన్నాడు. సాయంత్రం పొత్రాన్ని నేను నెత్తిన పెట్టుకున్నాను. ముందు డప్పు, వెనక ఆడవాళ్లు, పక్కన మెంబరు. ఆ డప్పుకు మా గల్లీలో తలుపులన్నీ తెరుచుకోవడం అదే మొదటిసారి. కొబ్బరి చిప్పలన్నీ కొంగులో కట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇంటికి చేరాక అందరూ బెల్లం నీళ్లు అడిగారు. ఉన్న నీళ్లే ఇచ్చాను. బెల్లం లేదన్నాను. ఉంది.

మర్నాడు పొద్దున బిందె పట్టుకుని నల్లాకు పోయాను. వరసలో అందరికంటే ముందు ఒక పొత్రం ఉంది. నాది కాదు. నాది ఇంట్లో రోట్లో ఉంది.

"గిది నాది. ఉత్త పొత్రమే, అనుమానం పెట్టుకోకు," అంది ఎదురింటామె.

ఆమె మొదట నీళ్లు పట్టుకుంది, నేను తర్వాత పట్టుకున్నాను. మేస్త్రి వచ్చి ఆ రాయిని చూసి మళ్లీ ఆగాడు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి పోయాకే తాపీ తీశాడు. మధ్యాహ్నానికి గద్దె అయింది. నేను ఇంటికి వచ్చి పొత్రం రుద్ది కడిగి కొబ్బరి పచ్చడి రుబ్బాను. ఎంత కడిగినా పసుపు పోక పచ్చడి కొంచెం పచ్చగానే వచ్చింది. ఎదురింటామె గిన్నె పట్టుకుని వచ్చి, ప్రసాదం జర పెట్టమంది. ఒక చెంచా పెట్టాను.