ఖుర్షిదా చూసిన గుంటూరు

మా జిల్లాకు ముఖ్యపట్టణం గుంటూరు. కలెక్టరాఫీసు, కోర్టులు, కాలేజీలు అన్నీ ఇక్కడే. అయినా ఊరిని పరిచయం చేయమంటే ప్రతివాడూ మిరపకాయల దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాడు. నాకు ఒళ్ళు మండేది అందుకే. ఈ ఊళ్ళో మనుషులు కూడా ఉన్నారు. మా పక్క రేకుల ఇంట్లో ఉండే ఖుర్షిదా వాళ్ళలో ఒకతె.

వినుకొండ అవతలి పల్లె నుంచి కాపురానికి వచ్చింది. భర్త మొహిద్దీన్ బాషా మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఆమె అక్కడే కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరేది. ఆ ఘాటుకి తాళలేక ఆడవాళ్ళంతా ముక్కూ నోరూ మూసేలా కొంగు బిగించి కట్టుకుంటారు. ఏళ్ళు గడిచినా ఆమెకు తెలిసిన గుంటూరల్లా ఇల్లు, యార్డు, ఆ మధ్యనున్న రోడ్డు. ఇంటికి రాగానే చేతులకు నూనె రాసి, సబ్బుతో తోమి, మళ్ళీ తోమి, అప్పుడుగాని కూతురు సిద్దికాను ముట్టుకునేది కాదు. ఆ తోముడు చూసి మేం ఆటపట్టించేవాళ్ళం.

1999 వేసవిలో ఒక సాయంత్రం అలాగే చేతులు కడుక్కుని, పిల్లకు అన్నం తినిపించి, మొహం తుడిచింది. సిద్దికా కెవ్వుమంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎంత బతిమాలినా తెరవలేదు. రెప్పలు ఉబ్బిపోయాయి. చేతులు కడుక్కున్నాను కాబట్టి ఇది కారం మంట కాదనుకుంది ఖుర్షిదా. ముందురోజు పిల్లకు ఒళ్ళు వెచ్చబడింది. ఆ జ్వరమే కళ్ళలోకి దిగిందని, చూపు పోయిందని గుండెలు బాదుకుంది. బాషా ఇంకా యార్డులోనే ఉన్నాడు. ఎదురింటి సుభానీ ఆటో తీశాడు, నేనూ ఎక్కాను.

ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయాం. శంకర్ విలాస్ సెంటరు వచ్చింది, ఓవర్‌బ్రిడ్జి ఎక్కాం, దిగాం. ఆమె పిల్ల మొహం మీద నుంచి తల ఎత్తలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల కళ్ళు నీళ్ళతో బాగా కడిగింది. లైటు వేసి చూసి, మొహం దేనితో తుడిచావని అడిగింది. చేతులు బాగా తోముకున్నాననీ, కొంగుతో తుడిచాననీ చెబుతూ ఖుర్షిదా ఆ కొంగే ఎత్తి చూపించింది. పక్కనున్న నర్సు గట్టిగా తుమ్మింది.

"చేతులు తోముకున్నావు సరే, రోజంతా ముక్కుకు కట్టుకున్నదాని సంగతేంటి తల్లీ? కారమంతా దీన్లోనే ఉంది. పిల్ల కళ్ళకేం కాలేదు. కాసేపటికి తెరుస్తుంది," అంది డాక్టరమ్మ.

ఖుర్షిదా అక్కడే చతికిలబడి ఏడ్చింది. అలవాటుగా తన కొంగు అందుకోబోతే లాగేసి నా కొంగు ఇచ్చాను. నా ప్రాణం కూడా అప్పుడే కుదుటపడింది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా పిల్ల కళ్ళు తెరవలేదు. డాక్టరమ్మ మాట మీద ఖుర్షిదాకు మళ్ళీ అనుమానం మొదలైంది. ఓవర్‌బ్రిడ్జి మీద మామూలే, బళ్ళన్నీ ఆగిపోయాయి. కింద రైలు కూతేసింది. సిద్దికా ఒళ్ళోంచి లేచి, ఎర్రటి కళ్ళు చికిలించి చెయ్యి చాపింది.

"అమ్మా, రైలు."

పిల్ల అక్కడితో ఆగలేదు. సోడా బండి చూపించింది, సినిమా బొమ్మ చూపించింది, అప్పుడే వెలిగిన వీధి దీపాలు చూపించింది. పిల్ల వేలు ఎటు తిరిగితే తల్లి తల అటు తిరిగింది. ఇంతలో ముందున్న బళ్ళు కదిలాయి, సుభానీ బండిని ముందుకు ఉరికించాడు.

"అన్నా, మెల్లగా పోనియ్యి," అంది ఖుర్షిదా. "నా బిడ్డ ఊరు చూస్తా ఉంది."