పొలం గట్టు మీది శాసనం

ఎం.ఏ.లో మధ్యయుగ చరిత్ర చదివే రోజుల్లో, హసన్‌పర్తి దగ్గర ఒక పొలం గట్టు మీద కాకతీయుల నాటి శాసనం ఉందని తెలిసి నేనూ నా స్నేహితురాలూ వెళ్లాం. అక్షరాలు కనిపించడానికి రాయి నిండా బియ్యప్పిండి రుద్దుతుంటే, పొలం యజమాని నలుగురిని వెంటేసుకొచ్చాడు.

"పిండితోని పూజ చేసి నిధి తవ్వుతాండ్రా? పోలీసోళ్లను పిలుస్త," అన్నాడు.

చదువు కోసమే వచ్చామని నమ్మించడానికి అక్షరాలు కూడబలుక్కుని చెప్పాను. "ఈ పొలాన్ని రాజుగారు శివుడి గుడికి దానమిచ్చారట."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. భుజం మీది తువ్వాలతో పిండంతా తుడిచేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు. పట్టా నా పేరు మీదున్నది."

పాత రాతలతో ఇప్పుడెవరికేం పని అని మా చుట్టాలు అడిగినప్పుడల్లా నాకు ఆ తువ్వాలే గుర్తొస్తుంది.