పిన్ని మోచేతి నరం

పిన్ని చెవి తమ్మె నుంచి తీసిన రెండో స్లైడు చూసిన ఉదయం నాకు చాలా సంతోషమేసింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపించేది ఆ సంతోషానికే.

ముంచింగిపుట్టు వైపు కొండల్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఆమెది అక్కడికి జీపులో ముప్పావుగంట దూరంలో, కాఫీ తోటల మధ్య ఉన్న ఊరు. నాలుగేళ్లుగా ఆమె వీపు మీదా కుడి చేతి మీదా రాగిరంగు మచ్చలున్నాయి. దురద లేదు, నొప్పి లేదు. అందుకని ఆమె పట్టించుకోలేదు, పండక్కీ పబ్బానికీ వెళ్లి భోంచేసి వచ్చే నేనూ పట్టించుకోలేదు. ఒక ఈస్టర్ రోజు చర్చి మెట్ల మీద పక్కన కూర్చున్నప్పుడు, ఆమె చేతి మచ్చ మీద చీమ పాకుతోంది. కుడుతోంది కూడా. ఆమె మాత్రం ఎవరి పెళ్లి గురించో మాట్లాడుతూనే ఉంది.

వారంలో కేంద్రానికి రప్పించాను. కుష్ఠు పరీక్షకు చెవి తమ్మెను వేళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టి, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, రక్తం రాకుండా లోపలి రసం గీకి గాజుపలక మీద పూస్తాం. రంగు వేశాక నీలం నేల మీద క్రిములు ఎర్రటి పుల్లల్లా కనిపిస్తాయి. పిన్ని స్లైడులో అవి కట్టలుకట్టలుగా ఉన్నాయి. డాక్టరు గారు పన్నెండు నెలల మందు మొదలుపెట్టారు. నెలకో మాత్రల అట్ట.

ఈ క్రిమి గురించి నాకు తెలిసింది ఇది. ఇది ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మన ఒంట్లో క్రిములను మింగి అరిగించుకునే కణాలుంటాయి. అవి దీన్ని మింగుతాయి గాని అరిగించుకోలేవు. ఆ కణాల పొట్టలోనే, నరాల మీది పొరలోనే ఇది కాపురం పెడుతుంది. పిన్నిలాంటి వాళ్ల ఒళ్లు ఏళ్ల తరబడి దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. నొప్పి లేకపోవడానికి అదొక కారణం. పోట్లాట జరిగితేనే నొప్పి.

ఇదంతా నేను పరీక్షకు చదివి రాసి పాసయ్యాను. కానీ ఒంట్లో పోట్లాట మొదలైతే ఎలా ఉంటుందో చూడలేదు.

రెండో స్లైడు ఆరో నెలలో తీశాను. పుల్లలు విరిగి, ఎర్రటి చుక్కలుగా, పొడిగా మిగిలాయి. అంటే చచ్చిపోయినట్టు. నా నోటుబుక్కులో ప్రతి రోగికీ ఒక పట్టిక గీసుకుంటాను: తేదీ, ఎక్కడి నుంచి తీశాను, ఎన్ని ఉన్నాయి, ఎలా ఉన్నాయి. పిన్ని వరసలో చివరి గడిలో 'ముక్కలు' అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆ రోజు ఆమె వచ్చింది మాత్రం మచ్చలు చూపించడానికి. ఆర్నెల్ల క్రితం చప్పగా ఉన్న మచ్చలు ఎర్రగా ఉబ్బి మెరుస్తున్నాయి. మోచేయి నుంచి చిటికెన వేలు దాకా సూదులతో పొడుస్తున్నట్టుందట.

"పురుగులన్నీ చచ్చిపోయాయి పిన్నీ. నా కళ్లతో చూశాను" అన్నాను.

"సచ్చిపోతే ఇంత మంటేటిరా?"

నాకు జవాబు తెలియదు. మైక్రోస్కోపు పక్కన తెల్లకోటులో నిలబడి ఉన్నాను. డాక్టరు గారు ఆ రోజు సీలేరు వైపు క్యాంపుకు వెళ్లారు. మా వైపు ఒంటికి ఏం వచ్చినా ముందు చెప్పే మాటే నా నోటికీ వచ్చింది.

"మందు వేడి చేసుంటుంది. చల్లగా అంబలి తాగు. తగ్గిపోద్ది."

"అదే అనుకున్నాను" అని ఆమె లేచింది. కాఫీ పళ్లు కోసే రోజులు. బేగి వెళ్తే ఒక పూట పని దొరుకుతుంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. తోటలో ఆడవాళ్లు నడుముకు బుట్టలు కట్టుకుని కోస్తున్నారు. కాఫీ పండును కంటితో చూసి కొయ్యడం కొంతే. గుత్తి లోపలి వైపున్నవి వేళ్లతో తడిమి, మెత్తబడ్డదాన్ని మాత్రం తిప్పి లాగుతారు. పిన్ని బుట్టలో సగం పచ్చికాయలున్నాయి.

"మీ పిన్నికి తొందరెక్కువైపోనాది బాబూ. పూత కూడా కోసేత్తది" అంది పక్క వరసలో ఒకామె.

"నీ బుట్ట నువ్వు సూసుకోయే" అంది పిన్ని.

నేను ఆమె కుడి చేయి చూశాను. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చాపమంటే చాపలేకపోయింది.

"మందు వేసుకుంటున్నావా?"

ఆమె ఇంట్లోకి తీసుకెళ్లి రాగుల డబ్బా మూత తీసింది. రాగుల మీద ఆ నెల అట్ట ఉంది. చింపలేదు.

"వేడి చేసీది మందేనని నువ్వే గదా సెప్పినావు" అంది. "అందుకే ఆపినాను. అంబలి తాగుతున్నాను. మంట తగ్గనేదు, ఏలు కూడా పడిపోనాది."

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి తీసుకెళ్లాను. కుష్ఠు కేసులు చూసే సూపర్‌వైజరు నెలకోసారి వస్తారు, అదృష్టవశాత్తూ ఆ రోజే ఆయన వంతు. తల నెరిసిన మనిషి. నా స్లైడు అడగలేదు. నోటుబుక్కూ అడగలేదు. ఆమె ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, "గట్టిగా పట్టుకో అమ్మా" అని రెండు వేళ్లతో లాగారు. జారి వచ్చేసింది. తర్వాత మోచేతి లోపలి వైపు ఎముక వెనక వేలు పెట్టారు. పిన్ని కుర్చీలోంచి లేచిపోయింది.

"సూడు తమ్ముడూ, ఇక్కడ."

వేలు పెట్టి చూశాను. నరం తాడులా లావుగా ఉంది.

"క్రిములు చచ్చాయి సార్. స్లైడులో అన్నీ ముక్కలే" అన్నాను, ఇంకా నమ్మలేక.

"అదే గదా గొడవ. దొంగ ఇన్నేళ్లూ ఇంట్లో తిని తొంగుంటే ఒక్కడూ లేవలేదు. ఇప్పుడాడు సచ్చాక ఊరంతా కర్రలట్టుకుని వచ్చినారు. బద్దలౌతున్నాది ఇల్లు." ఆమె మోచేతి మీద తట్టారు. "ఇదీ ఇల్లు."

పగిలిన క్రిముల ముక్కలు బయటపడ్డాక ఒంటి రక్షణ కణాలకు ఒక్కసారిగా మెలకువ వచ్చిందన్నమాట. ముక్కలు ఎక్కడుంటే అక్కడికి గుంపుగా చేరతాయి. చర్మంలో చేరితే వాపు, అది పోతుంది. నరంలో చేరితే, బిగుతుగా ఉన్న పొర లోపల వాచి నరాన్ని నొక్కేస్తాయి. నరం అలా ఎన్నాళ్లు నలిగితే అంత నష్టం. డాక్టరు గారు ఆ కోపాన్ని అణచడానికి స్టెరాయిడ్ మాత్రలు రాశారు, నెలనెలా తగ్గిస్తూ పోవాలి. క్రిముల మందు ఆపకూడదు, రెండూ కలిపి వేసుకోవాలి. స్టెరాయిడ్ మూడు వారాల ముందే మొదలుపెట్టి ఉండాల్సింది. ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ తర్వాత రెండు వారాలకోసారి నేనే వెళ్లి కాగితం పెట్టి లాగాను. మొదటి నెల జారిపోయింది. రెండో నెల కాస్త పట్టు దొరికింది. మంట తగ్గింది, మచ్చల వాపు పోయింది, ముఖం మాత్రలకు గుండ్రంగా ఉబ్బింది. "పెళ్లికూతురిలా అయిపోనానంట" అని ఆమే నవ్వింది. నాలుగో నెలకు ఉంగరపు వేలు తిన్నగా చాచింది. చిటికెన వేలు చాచలేదు. అరచేతి అంచున బాల్‌పెన్ను మొనతో తాకితే, కళ్లు మూసుకున్న పిన్ని ఇంకా తాకలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.

అట్టలన్నీ అయిపోయాయి. రోగం నయమైనట్టు రికార్డులో రాశారు. అది నిజమే.

మళ్లీ కాఫీ పళ్ల రోజులొచ్చాయి. ఈసారి సెలవు పెట్టి వెళ్లాను. ఆమె ఎడమ చేత్తో కోస్తోంది, కుడి చేత్తో కొమ్మ వంచి పట్టుకుంటోంది. కొమ్మ మాటిమాటికీ జారి ముఖానికి తగులుతోంది. కాసేపు పక్కన నిలబడి చెప్పాను.

"ఆ రోజు అది వేడి కాదు పిన్నీ. నాకు తెలీక అలా అన్నాను."

ఆమె పండు బుట్టలో వేసింది. "తెలీదని సెప్పుంటే డాట్రుబాబు వచ్చీదాకా ఆ గుమ్మంలోనే కూకుందును గదరా" అంది. కోపంగా అనలేదు. "సదువుకున్న గుంటడివి, తెలుసుననుకున్నాను."

ఆమె మరో నాలుగు పళ్లు కోసి, చిటికెన వేలు నా ముందు పెట్టింది.

"ఇప్పుడు తెలుసు గదా. సెప్పు. ఇది వస్తదా?"

వేలు పడిపోయి ఏడాది దాటింది. ఆరు నెలల్లో తిరిగి రాని పట్టు తర్వాత రావడం చాలా అరుదని ఈపాటికి చదివాను, అడిగాను, సూపర్‌వైజరు గారూ అదే అన్నారు.

"రాదు పిన్నీ."

"సరే" అంది ఆమె. కొమ్మ వంచి పట్టుకోమని నాకిచ్చి, రెండో వైపుకు తిరిగింది.