కాలరమ్మ ఇల్లు ఖాళీ చేయలేదు

చొక్కాలు కుట్టే కార్ఖానాలో పదకొండేళ్ళుగా ఆమె కాలర్లు మాత్రమే కుట్టింది. చేతులు, జేబులు, బొత్తాలు ఆమె శాఖలోవి కావు. అందుకే అందరూ ఆమెను కాలరమ్మ అన్నారు. రోజుకు రెండువందల నలభై మెడలకు ఆమె మర్యాద కుట్టిపెట్టేది. వాటిలో ఒక్క మెడ కూడా వెనక్కి తిరిగి ఆమెను చూసిన పాపాన పోలేదు.

ఒక మధ్యాహ్నం కార్ఖానాలో ఇస్త్రీ గదిలోని బాయిలరు పేలి, పైకప్పు సగం ఎగిరిపోయింది. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ కావడంతో ఎవరికీ గాయాలు కాలేదు. మర్నాడు యజమాని పనివాళ్ళను గేటు ముందు నిలబెట్టి, "మనమంతా ఒక కుటుంబం" అన్నాడు. ఆ మాట వినగానే పాతవాళ్ళకు ఈ నెల జీతం రాదని అర్థమైపోయింది. పదిహేను రోజుల్లో పిలుస్తానన్నాడు. ఆ పదిహేను రోజులు సాగి సాగి మూడు నెలలయ్యాయి.

ఇంట్లో కాలరమ్మ, ఆమె అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు. భర్త పోయి ఆరేళ్ళు. రెండో అంతస్తులో రెండు గదులు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది. స్నానాలగదిలో కుళాయి తిప్పాలంటే పట్టకారు కావాలి. ఇంటాయన అద్దెకిచ్చేటప్పుడు దీన్ని "గాలీ వెలుతురూ ఉన్న వాటా" అన్నాడు.

మంచం పక్కన ఉన్న పాత మిషను మీద ప్యాంట్లు పొట్టి చేసి, జాకెట్లు వదులు చేసి కాలరమ్మ బియ్యానికీ కరెంటుకీ సంపాదించింది. అద్దె దగ్గరికి వచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు.

కింద వాటాలో ఉండే ఇంటాయనను వీధంతా మెత్తనాయన అంటుంది. ఆయన గొంతు పెంచి ఎరగడు. మొదటి నెల, "పర్లేదమ్మా, చూసుకోండి" అన్నాడు. రెండో నెల "చూసుకోండి" మిగిలి "పర్లేదు" పోయింది. మూడో నెల ఒక కవరు పంపించాడు. అందులో టైపు చేసిన కాగితం ఉంది: పద్నాలుగు రోజుల్లో బాకీ అంతా కట్టాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"టైపు బాగా కొట్టించాడు. దీనికి డబ్బులిచ్చే ఉంటాడు. కుళాయికే చేతులు రావు పాపం."

కాలరమ్మ అన్నయ్యకు ఫోను చేసింది. ఆయన అరగంటసేపు మాట్లాడాడు. మనిషన్నాక పొదుపు ఉండాలన్నాడు, ముందే చెప్పాల్సిందన్నాడు. "ముందే చెప్తే ఇచ్చేవాడివా అన్నయ్యా?" అని అడిగితే, సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

ఊళ్ళో అద్దె కట్టలేనివాళ్ళకు అత్యవసర సాయం చేసే కార్యాలయం ఒకటుందని కార్ఖానాలో తోటి ఆడమనిషి చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. అత్యవసరం ఉన్నవాళ్ళు మంగళ, గురువారాల్లో పది నుంచి ఒంటిగంటలోపు మాత్రమే రావాలని తలుపు మీద బోర్డుంది. వాళ్ళు వెళ్ళింది బుధవారం.

గురువారం రెండుగంటలు వరసలో నిలబడ్డాక అద్దం వెనక గుమస్తా దాకా చేరారు. ఆయన నోటీసు తిరగేసి చూశాడు.

"మిమ్మల్ని ఇంట్లోంచి పంపించేశారా?"

"ఇంకా లేదండి. తొమ్మిది రోజులు టైముంది."

"అయితే ఇది అత్యవసరం కాదమ్మా."

"పంపించేశాక వస్తే ఇస్తారాండి?"

"అప్పుడు మీకు ఇల్లుండదు కదా. అద్దె సాయం ఇల్లున్నవాళ్ళకే."

కాలరమ్మ నోటీసు వెనక్కి తీసుకోబోయింది. అత్తగారు ఆమెను పక్కకి జరిపి అద్దం ముందుకొచ్చింది.

"నాయనా, మునిగేవాళ్ళు ఎంత లోతుకెళ్తే తాడేస్తారో ఆ కొలత చెప్పు. సరిగ్గా అక్కడిదాకే మునుగుతాం."

గుమస్తా నవ్వు ఆపుకున్నాడు. "కోర్టు నుంచి నోటీసు తెచ్చుకోండమ్మా. ఇంటి ఓనరు మీ మీద కేసేస్తే అత్యవసరం కిందకి వస్తుంది" అని దరఖాస్తు ఫారం చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం అత్తగారు కిందకి దిగి ఇంటాయన తలుపు కొట్టింది.

"మా మీద కేసెయ్యి నాయనా. నీకు పుణ్యముంటుంది."

మెత్తనాయన జీవితంలో మొదటిసారి తడబడ్డాడు. బెదిరిస్తే ఏడుస్తారనుకున్నాడు గానీ, ఇలా బతిమాలతారనుకోలేదు. అద్దె తీసుకుని ఇన్నేళ్ళలో ఒక్క రసీదూ ఇవ్వని మనిషికి కోర్టు మెట్లంటే మోకాళ్ళ నొప్పులు.

"కోర్టులెందుకమ్మా, మనలో మనకి?"

"మనలో మనకే అయితే టైపు కాగితమెందుకొచ్చింది?"

ఆయన కేసు వేయలేదు. వాటా చూడటానికి మాత్రం మనుషులను తీసుకొచ్చాడు. ఇక ఆరు రోజులే మిగిలాయనగా, కొత్తగా పెళ్ళయిన జంటొకటి పైకి వచ్చింది. కాలరమ్మ మిషను మీద వంగి ఉంది. కూతురు గోడవారగా కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. వచ్చిన అమ్మాయి సరిగ్గా ఆ పిల్ల తల మీదుగా గోడ కొలిచి, "ఫ్రిజ్ ఇక్కడ పడుతుందండీ" అంది మొగుడితో. కూతురు పుస్తకాలు ఒళ్ళోకి లాక్కుని పక్కకి జరిగింది. ఎవరూ జరగమనలేదు. తనంతట తనే జరిగింది.

ఆ రోజు కాలరమ్మ వంట చేయలేదు. అత్తగారు కూడా ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది బాయిలరు పేలడంకంటే పెద్ద విశేషం.

తెల్లవారి కాలరమ్మ ఒక్కతే కోర్టు వీధికి వెళ్ళింది. అక్కడ గొడుగు కింద టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే ముసలాయన ఉంటాడు. కేసు ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ ఆయనకు డబ్బు కట్టాకే ఇంటికి పోతారని చెప్పుకుంటారు. ఆమె చెప్పిందంతా విని, ఫారం తీసుకుని వెనక్కి తిప్పాడు.

"ఇటువైపు చదివావా అమ్మాయ్?"

"అటువైపు కూడా ఉందాండి?"

"అసలు సంగతంతా ఇటువైపే వేస్తారు. ఇదిగో చూడు. కోర్టు నోటీసు, 'లేదా' ఇంటి యజమాని సంతకం చేసిన వాంగ్మూలం. బాకీ ఇంత, ఇది అందితే ఖాళీ చేయించను అని ఆయన రాసిస్తే చాలు. మీ గుమస్తా సగం వాక్యం చదివి ఆయాసపడి ఆగిపోయుంటాడు."

ఇంకో మాట కూడా చెప్పాడు. కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను వీధిలో పెట్టే హక్కు ఇంటాయనకు లేదు. ఆ టైపు కాగితంతో పద్నాలుగు రోజులు కాదు కదా, పద్నాలుగు నెలలైనా తలుపు తీయించలేడు. కాలరమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని వింది. మూడు నెలల్లో ఆమె డబ్బిచ్చి కొనుక్కున్నవాటిలో అంత విలువైనది లేదు.

వాంగ్మూలం టైపు చేయించుకుని తిన్నగా మెత్తనాయన దగ్గరికి వెళ్ళింది. ఈసారి అత్తగారిని వెంట తీసుకెళ్ళలేదు.

"సంతకం పెడితే డబ్బు వాళ్ళు తిన్నగా మీకే పంపిస్తారండి. పెట్టకపోతే కేసెయ్యండి. జడ్జిగారు రసీదులు అడిగితే నా దగ్గర లేవని చెప్తాను, ఎందుకు లేవో మీరు చెప్పండి."

ఆమె గొంతు కూడా చాలా మెత్తగా ఉంది. పదకొండేళ్ళు గట్టి గుడ్డను మెడకు వంచిన మనిషి. ఆయన కాగితం మూడుసార్లు చదివి, పెన్ను లేదన్నాడు. ఆమె తనది ఇచ్చింది.

మంగళవారం గుమస్తా ఆ వాంగ్మూలం చూసి, "ఇది కూడా పనికొస్తుందమ్మా" అన్నాడు, తనే కనిపెట్టినట్టు. ముద్ర వేసి రసీదిచ్చాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండి?"

"అత్యవసరం కదా, ఆరు వారాల్లో అయిపోతుంది."

ఏడు వారాలు పట్టింది. రెండు నెలల బాకీ కార్యాలయం ఇంటాయన ఖాతాలో వేసింది. అంతకుమించి ఎవరికీ ఇవ్వరట. ఈలోగా కార్ఖానా తెరిచారు, పైకప్పు మీద కొత్త రేకులూ గేటు దగ్గర పాత ఉపన్యాసమూ. మిగిలిన అద్దెను కాలరమ్మ నెలకింత చొప్పున అయిదు నెలల్లో తీర్చింది. ప్రతిసారీ రసీదు చేతికొచ్చేదాకా గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. మొదట్లో మెత్తనాయనకు అది అవమానంగా తోచింది. తర్వాత రసీదు పుస్తకం కొనుక్కున్నాడు.

అన్నయ్య ఫోను చేసి, "నేను చెప్పాను కదా, ఏదో ఒక దారి దొరుకుతుందని" అన్నాడు. అలా ఎప్పుడు చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు. కాలరమ్మ మాత్రం సిగ్నల్ బాగానే ఉందంది.

ఫ్రిజ్ కొలిచిన జంట వేరే వీధిలో దిగింది. కూతురు గోడవార మళ్ళీ పరుచుకుని కూర్చుంది, ఈసారి పదో తరగతి లెక్కల పుస్తకాలతో. మరుసటేడు మెత్తనాయన పైకి వచ్చి, ధరలన్నీ పెరిగాయి కదమ్మా అంటూ అద్దె సంగతి ఎత్తాడు.

"కాగితం మీద రాసివ్వండి, ఆలోచిస్తాం" అంది కాలరమ్మ.

ఆయన మెట్లు దిగిపోయాడు. ఆ కాగితం ఇంకా రాలేదు.